వీర్రాజు గారి అతుకు చూడటానికి కొత్తపేట వెళ్ళాను

కోనసీమకి అందరూ పడవ ఎక్కడానికో, పూతరేకులు తినడానికో, అయినవిల్లి వినాయకుడికి మొక్కు తీర్చుకోవడానికో వెళ్తారు. నేను మాత్రం రెండడుగుల గుండ్రటి రంపం బ్లేడు ఒకదాన్ని గోనెపట్టాలో చుట్టి భుజాన వేసుకుని వెళ్ళాను. అలాంటి పని మీద అటు వెళ్ళేవాళ్ళు నాలా ఇంకా కొందరు ఉంటారనే ఇది రాస్తున్నాను. కలప పని, పనిముట్ల పని చేసేవాళ్ళకి దారి వివరాలు పనికొస్తాయి. మిగతావాళ్ళకి చివర చెప్పేది పనికొస్తుంది.

నా షాపు హైదరాబాదులో బాలానగర్ పక్కన ఉంది. ఉక్కుకి కార్బైడు అతకడం నా పని. కార్బైడంటే కలప కోసే బ్లేళ్ళకి, బోరు వేసే బిట్లకి అంచున కనిపించే బూడిదరంగు ముక్క. గట్టితనంలో ఉక్కు దాని ముందు బెల్లంముక్క. కానీ పెళుసు. వంగడం దానికి తెలియదు, విరగడమే తెలుసు. ఎప్పటినుంచో దీన్ని వెండి కలిసిన కడ్డీ కరిగించి అతుకుతున్నారు, దాన్ని బ్రేజింగు అంటారు. ఇప్పుడు లేజరు వచ్చింది. దారమంత సన్నటి కాంతితో ఉక్కునే కరిగించి ముక్కకి పట్టించడం. చెప్పడానికి ఒక్క వాక్యమే, చేతికి రావడానికి నాకు ఏళ్ళు పట్టింది. వేడికి ఉక్కు పెరిగినంతలో కార్బైడు సగం కూడా పెరగదు. చల్లారేటప్పుడు ఉక్కు ముడుచుకుంటానంటుంది, కార్బైడు ముడుచుకోనంటుంది, ఆ పెనుగులాటలో ముక్క చిట్లుతుంది. అందుకని మధ్యలో సన్నటి నికెల్ రేకు పెడతాను, కాంతిని ముక్క మీద పడనివ్వకుండా ఉక్కు వైపుకి జరుపుతాను, ముందే వెచ్చబెడతాను, అయ్యాక వేడి ఇసుకలో పూడ్చి మెల్లగా చల్లారనిస్తాను. తొందరపడితే ఆ రోజుకి బాగానే ఉంటుంది. మర్నాడు పొద్దున టిక్కుమంటుంది, పని మొత్తం గంగలో కలుస్తుంది.

కొత్తపేట దగ్గర కొబ్బరి మొద్దులు కోసే సామిల్లు ఒకటుంది. దాని యజమాని పెద్దిరాజు గారు ఎవరి ద్వారానో నా నంబరు పట్టుకుని ఫోన్ చేశారు. కొబ్బరి మొద్దు పైభాగం రాయిలా ఉంటుంది, మామూలు ఉక్కు రంపం పూట తిరక్కుండా మొద్దుబారుతుంది, కాబట్టి కార్బైడు పళ్ళు తప్పవు. "అతుకు ఊడని బ్లేడు కావాలండి. మా దగ్గర పన్ను ఊడొచ్చి మనిషి పోయేడండి," అన్నారాయన. పళ్ళు లేని బ్లేడు లారీ పార్శిల్లో పంపించారు. పళ్ళన్నీ లేజరుతో అతికాను. వచ్చి బిగించి పెట్టమని ఆయన అడిగితే, ఆ మాత్రం దానికి అంత దూరం ఎందుకు, మళ్ళీ పార్శిల్లోనే పంపిద్దాం అనుకున్నాను.

ఇంతలో ఇంకో ఫోన్ వచ్చింది. ఆడగొంతు. "మీకు మేం తెలీదండి. నా పేరు మంగతాయారండి. పెద్దిరాజు గారి మిల్లులో పోయింది మా ఆయనేనండి, వీర్రాజు గారు. ఆ పళ్ళు అతికింది కూడా ఆయనే. ఊడొచ్చిన పన్ను నా దగ్గరుందండి. అతుకు తప్పో కాదో మీరు చూస్తే తెలుస్తాదంట కదా. ఒక్కసారి చూస్తారా?" నేనేమీ అనకముందే మళ్ళీ ఆవిడే అంది. "ఆయన పోయేరు. పేరు కూడా పోయిందండి. మనిషిని ఎలాగూ తేలేం." పార్శిల్ మాట పక్కన పెట్టి రైలు టిక్కెట్టు తీశాను.

హైదరాబాదు నుంచి రాత్రి రైలెక్కితే పొద్దున్నే రాజమండ్రి. స్లీపర్ నాలుగొందల లోపే, కానీ ముందుగా తీసుకోండి, ఆ దారిలో ఖాళీ దొరకడం కల్ల. స్టేషన్ బయట ఆటో పట్టుకుని బస్టాండుకి వెళ్ళి, అమలాపురం వెళ్ళే బస్సుల్లో రావులపాలెం, కొత్తపేట మీదుగా పోయేది ఎక్కాలి. అన్ని బస్సులూ ఆ దారిన పోవు, కండక్టర్ని అడిగి ఎక్కండి. టిక్కెట్టు వందకి అటూ ఇటూ. మా కండక్టరు నా గోనెపట్టాని తేరిపార చూశాడు.

"ఏంటమ్మా అది, అప్పడాల పీటా?"

"రంపం బ్లేడండి."

"ఓరి బాబోయ్. కాళ్ళకాడ పెట్టకండి, వెనక సీటు కిందకి తోసెయ్యండి," అని ఆయనే మోసి పెట్టాడు. దానికి టిక్కెట్టు కొట్టలేదు.

జొన్నాడ దగ్గర గౌతమి వంతెన ఎక్కగానే గాలి మారింది. నీళ్ళు తక్కువగా ఉన్నాయి, ఇసుక తిన్నెల మీద మనుషులు చీమల్లా కదులుతున్నారు. వంతెన దాటితే రావులపాలెం, అరటిగెలల లారీలు, ఆ తర్వాత రోడ్డుకి రెండు వైపులా కొబ్బరి. ఫోటోలు తీసుకునేవాళ్ళు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. నాకు ఆ రోజు ఆ చెట్లు చూస్తుంటే ఒకటే ఆలోచన. అన్నిటి లోపలా ఏముందో పైనుంచి ఎవరికి తెలుస్తుంది?

కొత్తపేటలో దిగేసరికి తొమ్మిది కావస్తోంది. బస్టాండు ఎదురుగా రేకుల పాకలో ఒక పెద్దావిడ ఇడ్లీ, పెసరట్టు వేస్తోంది. అల్లం పచ్చడి ఘాటుగా బాగుంది, యాభై రూపాయల్లో కడుపు నిండుతుంది. వీర్రాజు గారి షాపు ఎక్కడని అడిగితే గరిటె పట్టుకునే సందు చూపించింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఆయన లేరండి. సామిల్లులో పోయేరు. అతుక్కి వెండి తక్కువేసేరంటండి. మరి మిగుల్చుకుందామనుకున్నారో ఏటో. ఎవరి తప్పు వాళ్ళ మెడకే చుట్టుకుంటాదండి," అంది. ఆవిడకి వీర్రాజు గారి మీద కోపమేమీ లేదు. పెసరట్టు తిప్పుతూ అందరూ అనుకునేదే తనూ అంది. నేను మిగతా పెసరట్టు వదిలేసి లేచాను.

షాపు ఒక గది, ముందు చిన్న పంచ. గ్యాసు సిలిండరు, ఇటుకల పొయ్యి, గోడకి రకరకాల బ్లేళ్ళు తగిలించి ఉన్నాయి, వాటి మీద దుమ్ము. మంగతాయారు గారికి నలభై దాటి ఉంటాయి. బక్కపలచని మనిషి, చేతులకి చిన్న చిన్న కాలిన మచ్చలు. ఆ మచ్చలు నాకూ ఉన్నాయి, చూడగానే పని తెలిసిన చేతులని అర్థమైంది. మంచినీళ్ళిచ్చి, కాఫీ పెట్టమంటారా అని అడిగింది. ముందు పన్ను చూస్తానన్నాను.

చూపించే ముందు ఒక మాట చెప్పాలంది. బ్లేడు మీద పన్ను కూర్చునే గాడిని గీకి శుభ్రం చేసి, వెండి బాగా పారేలా ఫ్లక్సు మందు పూయడం ఎప్పుడూ ఆవిడ పనే. మంట పట్టుకుని వెండి కరిగించడం ఆయన పని. "జిడ్డుంటే వెండి అంటదు కదండి. ఆ రోజు సరిగ్గా గీకేనా లేదా అని ఇప్పటికీ ఆలోచిస్తానండి. ఊరు ఆయన్నంటాది. తప్పు నాదేమో ఎవరికి తెలుసు? ఉన్నదున్నట్టు చెప్పండి. నా మొహం చూసి మార్చకండి."

మరి పన్ను ఊడితే రంపం దగ్గర ఉండే పనివాళ్ళకి కాకుండా ఆయనకెలా తగిలిందని అడిగాను. అప్పుడు తెలిసింది అక్కడి పద్ధతి. కొత్తగా పళ్ళు అతికిన బ్లేడు మొదటి కోత కోసేటప్పుడు, అతికినవాడే రంపానికి సూటిగా ఎదురుగా నిలబడాలి. నా పనికి నేనే పూచీ అని చెప్పడం అన్నమాట. "మా మావగారూ నిలబడ్డారు, ఆయనా నిలబడ్డారండి. నిలబడకపోతే బ్లేడు ఎవరూ తీసుకోరు," అంది. నాకు ఒళ్ళు మండింది. పూచీ ఇవ్వడానికి గుండె అడ్డం పెట్టాలా? కానీ చనిపోయిన మనిషి పద్ధతిని ఆయన భార్య ముందు తిట్టలేక ఊరుకున్నాను.

పన్నుని అగ్గిపెట్టెలో దూదిలో పెట్టుకుంది. వేలిగోరంత ముక్క. భూతద్దం తీసి వెలుతురులోకి వచ్చి తిప్పి తిప్పి చూశాను. వెనక వైపు వెండి ఛాయ ఎక్కడా లేదు. మిల్లువాళ్ళు పట్టుకున్నది ఇదే. ముక్కకి వెండి లేదు కాబట్టి వెండి వెయ్యలేదన్నారు. కానీ అతుకు దగ్గర ఊడిన ముక్క వెనక చదునుగా ఉండాలి. ఇది గరుకుగా, పొడి చక్కెరని నొక్కినట్టు ఉంది. అంటే ఊడలేదు, విరిగింది. అదే చెప్పాను. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. "ఖాయమేనా అండి?" అంది. ఖాయం చెయ్యాలంటే ఆ బ్లేడు చూడాలన్నాను. ఆవిడ అగ్గిపెట్టె కొంగున కట్టుకుని, చెప్పులు వేసుకుని, తలుపుకి గొళ్ళెం పెట్టింది. ఆయన పోయాక ఆ మిల్లు గడప తొక్కడం అదే మొదటిసారట.

మిల్లు కాలవగట్టు మీద ఉంది, ఆటోలో పావుగంట, మనిషికి ఇరవై. పొట్టు వాసన అర ఫర్లాంగు ముందే తెలుస్తుంది, పచ్చి కొబ్బరిమట్ట కాలినట్టు కాస్త పుల్లగా. మేం వెళ్ళేసరికి ఇంకో రంపం మీదకి ఎవరో రైతు తెచ్చిన మొద్దు ఎక్కిస్తున్నారు. ఏసురత్నం అని అక్కడి పెద్ద కోతమేస్త్రి, బొంగురు గొంతు మనిషి, మొద్దు మీద చెయ్యేసి రైతుని అడిగాడు. "ఇనుముందా?" రైతు లేదన్నాడు. అలా మూడుసార్లు అడిగి, మూడుసార్లు లేదనిపించుకున్నాకే స్విచ్చి వేశాడు. కొబ్బరిచెట్లకి తీగలకనీ దండేలకనీ మేకులు కొడుతుంటారు కదా, అందుకని ఆ కట్టుబాటు. మొద్దు యజమాని మాటే అక్కడ చెల్లుబాటు. ఈ పద్ధతి మాత్రం నాకు నచ్చింది.

మంగతాయారు గారిని చూడగానే రంపం ఆపేశారు. ఏసురత్నం తలపాగా తీశాడు. పెద్దిరాజు గారు ఆఫీసు గదిలోంచి వచ్చి, "రా అమ్మా," అని కుర్చీ తెప్పించారు. ఆవిడ కూర్చోలేదు. నేను తెచ్చిన బ్లేడు విప్పకుండా పక్కన పెట్టి, ఆ పాత బ్లేడు చూపించమన్నాను. ఆయనకి నచ్చలేదు. "అదిప్పుడెందుకండి? అయిపోయింది కదా," అన్నారు.

"మీరు నాకు పని ఇచ్చింది ఆయన అతుకు ఊడిందనే కదండి. ఊడిందో లేదో చూడకుండా నేను ఇంకో బ్లేడు ఎలా బిగిస్తాను?"

ఏసురత్నం వెళ్ళి దాన్ని అటకమీంచి దించాడు. పన్ను పోయిన గాడిని గుడ్డతో తుడిచి భూతద్దం పెట్టాను. గాడిలో కార్బైడు చిన్న పలకలా ఇంకా అతుక్కునే ఉంది. దాని చుట్టూ వెండి గీత, ఎక్కడా తెగకుండా, వెంట్రుకంత సమానంగా. ఉలి ఆనించి సుత్తితో గట్టిగా కొట్టాను. ఉలి జారింది గానీ ముక్క కదల్లేదు. మంగతాయారు గారి కొంగులోని పన్ను తీసుకుని దాని మీద పెడితే, పగిలిన పెంకులు కలిసినట్టు కలిసిపోయింది. పెద్దిరాజు గారికి భూతద్దం ఇచ్చి చూడమన్నాను. ఏసురత్నానికి ఇచ్చాను. తర్వాత ఆవిడకి. ఆవిడ చాలాసేపు చూసింది.

"అతుకు బంగారంలా ఉందండి," అన్నాను. "గాడి శుభ్రంగా గీకారు, వెండి నిండుగా వేశారు. ఇంతకంటే బాగా నేనూ చెయ్యలేను. అతుకు ఊడలేదు. కార్బైడే విరిగింది. ఏదో గట్టిది తగిలింది."

అప్పుడు ఆవిడ కుర్చీలో కూర్చుంది. కళ్ళు తుడుచుకోలేదు, అలా కారనిచ్చింది. నా మనసు తేలికపడింది. వచ్చిన పని అయిపోయిందనుకున్నాను, మంచివార్త మోసుకొచ్చిన మనిషిలా నా మీద నాకే ముచ్చటేసింది. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

"కొబ్బరి మొద్దులో గట్టిదేముంటాదండి?" అన్నారు పెద్దిరాజు గారు. ఆ రోజు కోసిన మొద్దు ఏమైందని అడిగాను. సగం కోసి ఆపేసినదాన్ని ఎవరూ ముట్టుకోక, షెడ్డు వెనక చూరు కింద దొర్లించేశారట. అందరం అక్కడికి వెళ్ళాం. రంపం కోత ఎక్కడ ఆగిందో అక్కడ నల్లటి మరక, సిరా ఒలికినట్టు నిలువుగా జారి ఉంది. ఇనుము తగిలిన కలప అలాగే నల్లబడుతుంది. ఏసురత్నం కత్తితో చుట్టూ చెక్కితే తుప్పుపట్టిన మేకు బయటపడింది. పెద్ద మేకు, రంపం తగిలిన చోట గీసుకుపోయి ఉంది. కొబ్బరిచెట్టు మామిడిలా లావెక్కి మేకుని మింగదు. కానీ తల లోపలికి దిగేదాకా కొట్టేస్తే, నాలుగు వానలకి పైన పాచి పట్టేస్తే, ఎంత తట్టి చూసినా తెలియదు.

ఒక్కొక్కరూ వంగి మేకుని చూశారు. కాసేపటికి పెద్దిరాజు గారే, ఆయన చెడ్డమనిషి కాదు, మిల్లు మీదకి మాట రాకూడదన్న భయంతోనే కావచ్చు, అన్నారు. "అయితే తప్పు మళ్ళీ వీర్రాజుదే కదండి. ఈ మొద్దు ఆడి సొంత దొడ్లోది. గాలివానకి పడిపోతే షాపు చూరుకి వాసాలు కావాలని తెచ్చేడు. ఏసురత్నం మూడుసార్లు అడిగితే మూడుసార్లూ లేదన్నాడు. సొంత చెట్టులో మేకున్న సంగతి తెలీదా? తెలిసీ లేదన్నాడంటే ఏమనుకోవాలి?"

"అడిగేనండి," అన్నాడు ఏసురత్నం నేల చూస్తూ. "నవ్వుకుంటా లేదన్నాడు."

మంగతాయారు గారు ముందుకొచ్చి మేకు మీద వేలు పెట్టింది. నేను ఆవిడ మొహం చూశాను. అప్పుడే ఏదో అర్థమైంది.

"ఆయనకి తెలీదండి," అంది. "మేకు నేను కొట్టేను."

పెద్దిరాజు గారు ఏదో అనబోయారు. ఆవిడ ఆగలేదు. "ఈ చెట్టు ఎంతకీ కాపు పట్టలేదండి. గొడ్డుచెట్టుకి ఇనప మేకు దింపితే కాస్తాదని మా అత్తగారనేవారు. ఆయన అలాంటియ్యి నమ్మరు, ఎగతాళి చేస్తారు. వెండి కడ్డీలకి రాజమండ్రి వెళ్ళిన రోజు చూసి కొట్టేను. కనపడకుండా లోపలికంటా దింపేసి పైన పేడ రాసేను. మరుసటేడు గెలేసింది. అంతకుముందు ఆయన చెట్టు మొదట్లో ఉప్పేసేరండి. నా ఉప్పు వల్లే కాసిందని వీధంతా చెప్పుకున్నారు. ఇంటికొచ్చినోళ్ళందరికీ ఆ చెట్టు బొండాలే కొట్టిచ్చేవారు. అంత సంబరపడతా ఉంటే కాదని ఎలా చెప్పనండి? చెప్పలేదు. తరవాత నేనే మరిచిపోయేను. ఈ మొద్దు బండెక్కించేటప్పుడు నేనూ ఓ చెయ్యేసేను. అప్పుడు కూడా గుర్తు రాలేదండి. ఈ మరక చూసేదాకా రాలేదు."

కాలవలో ఎవరో గేదెల్ని కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. నాకు ఏడుపొచ్చింది. మేకు వల్ల చెట్టు కాయదని, దాని ఈడు వచ్చి కాసిందని నాకు తెలుసు. ఆ మాట అని ఏం లాభం? ఆవిడ మీద ఉన్న ఒక బరువు దించి, దానికి పదింతల బరువు ఎత్తిపెట్టాను. దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. ఆవిడ నా చెయ్యి తీసెయ్యలేదు, అలాగని ఆనుకోనూ లేదు.

"పెద్దిరాజు గారూ," అంది. గొంతు మామూలుగానే ఉంది. "అడిగినోళ్ళందరికీ చెప్పండి. అతుకు ఊడలేదని చెప్పండి. ఆయన అబద్ధమాడలేదని చెప్పండి. మేకెవరు కొట్టేరంటే నా పేరు చెప్పండి. మీరు చెప్పకపోతే నేను బస్టాండులో నిలబడి చెప్తాను."

"అంత మాటెందుకమ్మా," అని ఆయన ముఖం పక్కకి తిప్పుకున్నారు. ఏసురత్నం మొద్దు పక్కనే చతికిలబడి, "మేం కూడా అన్నామండి, ఆడి గురించి. కల్లుపాకలో కూచుని అన్నాం," అని తలపాగా గుడ్డతో మొహం కప్పుకున్నాడు.

మధ్యాహ్నం పెద్దిరాజు గారి ఇంటినుంచి అందరికీ భోజనాలు వచ్చాయి. ఆనపకాయ పులుసు, వంకాయ కూర, గడ్డ పెరుగు. మంగతాయారు గారు వద్దనకుండా తింది, ఆకలి వేసినట్టు తింది. అది చూసి నాకు కాస్త ధైర్యం వచ్చింది. తిన్నాక నా బ్లేడు విప్పి, దారి కుదుపులకి ఎక్కడైనా చిట్లిందేమోనని పళ్ళన్నిటికీ ఎర్రమందు పూసి, తుడిచి, తెల్లపొడి చల్లాను. పగులుంటే ఎర్రగీత బయటికొస్తుంది. ఎక్కడా రాలేదు. బిగించాం.

"ఒక్క మాటడుగుతానండి," అన్నారు పెద్దిరాజు గారు. "ఆ రోజు మీ లేజరు అతుకైతే మనిషి బతికేవాడా?"

అవునంటే ఇంకో పది బ్లేళ్ళ పని నాకే వచ్చేది. "లేదండి," అన్నాను. "వేడికి తట్టుకోవడంలో లేజరు అతుకు మేలు, రోజంతా కోసినా మెత్తబడదు. కానీ కార్బైడు కార్బైడే. మేకు తగిలితే నా పన్నూ అలాగే విరిగేది."

"మరిప్పుడు... మీరు ఎదురుగా నిలబడతారాండి? ఆడవారు, అడక్కూడదనుకోండి. మా వాళ్ళు చూస్తన్నారని..."

"నిలబడను. అతుకు మీద నాకు నమ్మకముంది. మొద్దు మీద లేదు. ఇక్కడ ఇంకెవరూ నిలబడొద్దు."

మందపాటి ఇనప పలక తెప్పించి మనిషి నిలబడే చోట గొలుసులతో కట్టించాను. ఆ రోజు కోయాల్సిన దుంగలన్నిటి మీదా అయస్కాంతం కట్టిన కర్ర తిప్పించాను. ఏసురత్నం స్విచ్చి వేశాడు. కొబ్బరి పైపొర తగిలినప్పుడు బ్లేడు గొంతు సన్నగా మారింది, లోపలి మెత్తన వచ్చాక మళ్ళీ దిగింది. పలక ముందు ఎవరూ లేరు. దుంగ రెండుగా విడిపోయింది.

మేం బయల్దేరబోతుంటే పెద్దిరాజు గారు గోడకున్న ఇంకో బ్లేడు తీసి, కాగితంలో చుట్టి, మంగతాయారు గారి ముందుకి తెచ్చారు. "దీనికి నాలుగు పళ్ళు పోయినియ్యమ్మా. శనివారానికి అతికిస్తావా?"

ఆవిడ వెంటనే అందుకోలేదు. "అతికిస్తానండి. ఎదురుగా మాత్రం ఎవర్నీ నిలబెట్టకండి."

"ఆయ్," అన్నారాయన.

బ్లేడు ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చుంది. సందు మొదట్లో దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "మీరు రాకపోయినా బాగుండేదని ఇప్పుడనిపిస్తందండి. వచ్చినందుకు బాగుందనీ అనిపిస్తంది," అంది. ఆవిడ వెళ్ళి గొళ్ళెం తీసింది. ఆటో మలుపు తిరిగేలోపు లోపల దీపం వెలిగింది.

కొత్తపేట నుంచి అమలాపురం గంటలోపే. అక్కడ సాయంత్రం హైదరాబాదు బస్సులు వరసగా ఉంటాయి, వేళకి వెళ్తే కిటికీ సీటు దొరుకుతుంది. ఆ ప్రయాణమంతా ఒకే విషయం ఆలోచించాను. అతుకంటే రెండు కలవని వస్తువుల్ని కలపడం అని నేను అందరికీ చెప్తుంటాను. వీర్రాజు గారి అతుకు చెక్కుచెదరలేదు. ఆయన్ని ఆయన భార్య మోసం చెయ్యలేదు, సంతోషంగా ఉన్న మొగుడి సంతోషం చెడగొట్టలేకపోయింది, అంతే. అలాంటి చిన్న దాపరికాలు లేని ఇల్లు నాకైతే కనపడలేదు, మా ఇంటితో కలిపి. వాటిలో ఒకదానికి ఇంత శిక్ష పడుతుందని ఎవరు ఊహిస్తారు? నిజం తెలుసుకోవడం మంచిదా కాదా అని నన్నడిగితే ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. ఆవిడ దగ్గర ఉంది. ఆయన పేరు నిలబెట్టడానికి తన పేరు ఇచ్చేసింది.

కోతకి చెట్టు పంపేవాళ్ళకి ఒక్క సలహా. మొద్దు బండెక్కేముందు అయస్కాంతం తిప్పి చూడండి, అది తప్పనిసరి. దానితో సరిపెట్టుకోకండి. చెట్టు మొదట్లో నీళ్ళు పోసినవాళ్ళని, బట్టలు ఆరేసినవాళ్ళని, ఆ ఇంటి ఆడవాళ్ళని ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి, ఇందులో ఇనుముందా అని అడగండి. ఆ రోజు మిల్లులో వీర్రాజు గారిని మూడుసార్లు అడిగారు. మొద్దు ఎత్తడానికి ఒక చెయ్యి వేసిన మంగతాయారు గారిని ఎవరూ ఒక్కసారి కూడా అడగలేదు.